రాసుకున్నది అవసరానికి దొరకాలంటే: ట్యాగులు పెట్టే పద్ధతి, తిరగేసే అలవాటు

మా వాషింగ్ మెషిన్ ఒకసారి నీళ్లు బయటికి వదలకుండా మొరాయించింది. రిపేరుకు వచ్చినాయన ముందువైపు కింద ఉన్న చిన్న మూత తీసి, లోపలి ఫిల్టర్‌ని ఎడమకి తిప్పి, అందులో ఇరుక్కున్న చొక్కా గుండీని నా చేతిలో పెట్టాడు. "ఇంతేనండీ, ఈసారి మీరే చేసుకోవచ్చు" అన్నాడు. అక్కడే నిలబడి ఫోన్‌లో రాసుకున్నాను: "కింద మూత. ఎడమకి తిప్పాలి. ముందు పాత తువ్వాలు పరవాలి, నీళ్లు వస్తాయి." ఎనిమిది నెలలకు మెషిన్ మళ్లీ ఆగింది. "వాషింగ్ మెషిన్" అని వెతికాను, రాలేదు. "ఫిల్టర్" అని వెతికాను, రాలేదు. ఎలా వస్తుంది, ఆ నోట్‌లో ఆ రెండు మాటలూ లేవు! మళ్లీ ఆయన్నే పిలిచాను.

రాసుకునేటప్పుడు మెషిన్ కళ్లెదుటే ఉంది కాబట్టి దాని పేరు రాయాలని తోచలేదు. నోట్స్ సర్దుకోవడంలో అసలు చిక్కు ఇదే. రాసే రోజు మన బుర్రలో ఉన్నది వేరు, వెతికే రోజు ఉండేది వేరు. ట్యాగ్, అంటే నోట్‌కి తగిలించే గుర్తు మాట, ఆ వెతికే రోజు కోసం పెట్టాలి. కింద చెప్పే పద్ధతి అంతా దీని మీదే నడుస్తుంది. నోట్స్ యాప్‌లలో ఆబ్సిడియన్, ఎవర్‌నోట్, జాప్లిన్, ఆపిల్ నోట్స్, ఏది వాడినా ఫర్వాలేదు. గూగుల్ కీప్‌లో ట్యాగుని లేబుల్ అంటారు, పని మాత్రం అదే.

1. ముందు ఒక్క చోటు ఖాయం చేసుకోండి

చాలామందికి నోట్స్ ఒక్క యాప్‌లో ఉండవు. వాట్సాప్‌లో తమకు తామే పంపుకున్న మెసేజ్‌లు కొన్ని, గ్యాలరీలో వందల స్క్రీన్‌షాట్లు, మెయిల్ డ్రాఫ్టుల్లో కొన్ని, లాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద "కొత్తది 2" పేరుతో ఒక ఫైలు. ఇన్నిచోట్ల వెతకాల్సి వచ్చినప్పుడు ఏ ట్యాగూ కాపాడదు.

ఒక యాప్ ఎంచుకుని అందులో "ఇన్‌బాక్స్" అని ఒక ఫోల్డర్ పెట్టండి. ఈ రోజు నుంచి ఏది రాసుకున్నా ముందు అందులోనే పడాలి. అప్పటికప్పుడు ట్యాగ్ గురించి ఆలోచించనక్కర్లేదు, అది వారాంతం పని. స్క్రీన్‌షాట్ అయితే అది ఎందుకు తీశారో ఒక వాక్యం దాని కింద రాయండి. ఫొటోలోని అక్షరాలను యాప్ చదవగలిగినా, మీరు దాన్ని ఎందుకు దాచుకున్నారో దానికి తెలియదు కదా.

పాతవాటి జోలికి ఇప్పుడు వెళ్లొద్దు. సెలవు రోజు కూర్చుని రెండు వేల పాత నోట్స్‌కి ట్యాగులు పెట్టేద్దామని నేను ఒకసారి మొదలుపెట్టాను. నూట ఇరవై దగ్గర విసుగొచ్చి, తప్పంతా యాప్‌దే అనుకుని యాప్ మార్చేశాను. పాత నోట్ ఏదైనా పని పడి తెరిచినప్పుడే దాన్ని సర్దండి. ఎప్పటికీ తెరవనిదానికి ట్యాగ్ దండగ.

2. శీర్షికలో వెతికే మాటలు ఉండాలి

ట్యాగుల కంటే ముందు ఇది. "ముఖ్యం", "మీటింగ్ పాయింట్లు", "మొన్న చెప్పింది" లాంటి శీర్షికలు ఆరు నెలల తర్వాత మీకే అర్థం కావు. నా మెషిన్ నోట్ ఇప్పుడు ఇలా ఉంది:

వాషింగ్ మెషిన్ నీళ్లు వదలకపోతే: ఫిల్టర్ శుభ్రం చేయడం
స్విచ్ తీసేయాలి. ముందువైపు కింద చిన్న మూత. పాత తువ్వాలు పరిచి, ఫిల్టర్‌ని ఎడమకి నెమ్మదిగా తిప్పాలి. గుండీ, చిల్లర ఇరుక్కుంటాయి.
#ఇల్లు #పద్ధతి

పాడైన రోజు నా నోటి నుంచి వచ్చే మాట "నీళ్లు పోవట్లేదు" అనే. అందుకే శీర్షికలో వస్తువు పేరుతో పాటు దాని రోగం కూడా ఉంది. శీర్షిక ఇలా రాస్తే సగం నోట్స్ ట్యాగ్ లేకపోయినా దొరుకుతాయి.

3. ఫోల్డర్లు మూడు చాలు, మిగతాది ట్యాగులకు వదలండి

ఫోల్డర్ అంటే అలమారలో అర లాంటిది. వస్తువు ఒక్క అరలోనే ఉండగలదు. డాక్టర్ బిల్లుని "ఆరోగ్యం"లో పెట్టాలా, "డబ్బు"లో పెట్టాలా? ఎక్కడ పెట్టినా వెతికేటప్పుడు రెండోదాన్లోనే చూస్తాం. ట్యాగ్ అయితే రెండూ తగిలించవచ్చు.

ఈ ఇబ్బంది లైబ్రరీలది కూడా. అమెరికన్ లైబ్రేరియన్ మెల్విల్ డ్యూయీ 1876లో తెచ్చిన పద్ధతిలో పుస్తకానికి ముందే గీసి పెట్టిన విభాగాల పట్టిక నుంచి నంబర్ ఇస్తారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ తెచ్చారు. పుస్తకం ఏ విషయం గురించో ఒకే ముక్కలో తేల్చేయకుండా, దాన్ని పలు వైపుల నుంచి చూసి, ఒక్కో వైపుకూ ఒక సంకేతం ఇచ్చి, అన్నీ కలిపి నంబర్ కట్టాలన్నది ఆయన ఆలోచన. ఆ వైపులను తర్వాత ఐదుగా స్థిరపరిచారు: మూల విషయం, పదార్థం, క్రియ, స్థలం, కాలం. ట్యాగులు ఎలా పెట్టాలో ఇంతకంటే బాగా చెప్పిన పాఠం నాకైతే కనిపించలేదు.

ఇంటి నోట్స్‌కి ఐదు అక్కర్లేదు, మూడు వైపులు సరిపోతాయి. ఇది దేని గురించి? ఇది ఏ రకం నోట్? దీంతో ఇంకా పని మిగిలి ఉందా? కాలం సంగతి యాప్ చూసుకుంటుంది. రాసిన తేదీ దానికి తెలుసు కాబట్టి నెలలకు, సంవత్సరాలకు ట్యాగులు పెట్టొద్దు.

ఫోల్డర్లు మాత్రం ఇన్‌బాక్స్, నోట్స్, పాతవి. అంతే.

4. పన్నెండు ట్యాగులతో మొదలు

ఒక కాగితం తీసుకుని, ఈ మధ్య మీరు వెతికి దొరకక చిరాకుపడ్డ పది సందర్భాలు రాయండి. వారంటీ ఎప్పటిదాకా ఉంది, ఆ మాత్ర పడలేదని ఎప్పుడు అన్నారు, పోయిన మీటింగ్‌లో ఎవరు ఏం ఒప్పుకున్నారు, ఇలాంటివి. మీ ట్యాగులు ఆ జాబితాలోంచే రావాలి. ఇంకొకరి జాబితా తెచ్చుకుంటే అది వాళ్ల జీవితానికి సరిపోతుంది.

విషయం ట్యాగులు ఆరేడు ఉండొచ్చు: #ఇల్లు, #ఆరోగ్యం, #డబ్బు, #ఉద్యోగం, #చదువు, #ప్రయాణం. రకం ట్యాగులు మూడు నాలుగు: ఏదైనా ఎలా చేయాలో చెప్పేదానికి #పద్ధతి, రుజువుగా దాచేదానికి #రసీదు, తోచిన ముక్కకి #ఆలోచన, చదివిందాంట్లోంచి తీసుకున్నదానికి #సారం. స్థితి ట్యాగులు రెండే: #చేయాలి, #ఎదురుచూపు. రెండోది బంతి అవతలివాళ్ల చేతిలో ఉన్నప్పుడు. మీ వంతు పని అయిపోయింది, వాళ్ల జవాబు రావాలి.

ఒక్కో నోట్‌కి ఒక విషయం (డాక్టర్ బిల్లు లాంటిదైతే రెండు), ఒక రకం, అవసరమైతే ఒక స్థితి. మూడు దాటితే ఆగి చూడండి. సోషల్ మీడియా మనకి ఒక చెడ్డ అలవాటు నేర్పింది. ట్విట్టర్‌లో హ్యాష్‌ట్యాగ్ వాడదామని 2007లో క్రిస్ మెస్సీనా సూచించినప్పటి నుంచి, ఒక పోస్టుకి పది పదిహేను ట్యాగులు గుచ్చడం మామూలైపోయింది. అక్కడ వెతికేది ముక్కూ మొహం తెలియని జనం, కాబట్టి వలలు ఎక్కువ వేస్తారు. మీ నోట్స్ వెతికేది మీరొక్కరే.

ట్యాగ్ పెట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి: "ఈ మాట నొక్కితే వచ్చే నోట్స్ అన్నీ ఒకేచోట చూడాల్సిన రోజు నాకు వస్తుందా?" #ముఖ్యం నొక్కి అందులోవన్నీ ఒకేసారి చూసేవాళ్లు ఎవరూ ఉండరు. #ఆసక్తికరం కూడా ఆ బాపతే.

5. తెలుగులో ట్యాగులు: ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి

ఇంగ్లీషులో రాసుకునేవాళ్లు "ట్యాగులెందుకు, సెర్చ్ ఉందిగా" అంటే కొంతవరకు నిజమే. తెలుగులో ఆ మాట చెల్లదు, మన మాటలు విభక్తి తగలగానే రూపు మార్చుకుంటాయి. "పుస్తకం" అని వెతికితే పుస్తకాలు, పుస్తకాన్ని, పుస్తకానికి అని రాసినవి రావు. చివరి సున్నా తీసేసి "పుస్తక" అని వెతికితే చాలా యాప్‌లలో ఇవన్నీ వస్తాయి, ఇది గుర్తుపెట్టుకోండి. కానీ "ఇల్లు" అని వెతికితే "ఇంటి అద్దె" రాదు. "నీళ్లు" అని వెతికితే "నీటి ట్యాంకు" రాదు. అక్షరాలే వేరైపోయాయి. ఇలాంటి చోట #ఇల్లు అన్న ట్యాగ్ ఒక్కటే అన్నిటినీ ఒక గూటికి చేరుస్తుంది.

ఇంకో తలనొప్పి లిపి. ఒక రోజు తెలుగు లిపిలో, తొందరలో ఉన్న రోజు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాం. ఇంగ్లీషు అక్షరాల్లో "ఆరోగ్యం" రాయడానికి నాలుగైదు రకాల స్పెల్లింగులు తేలిగ్గా వస్తాయి. నోట్ లోపల ఎలా రాసినా రాయండి, ట్యాగులు మాత్రం ఒక్క లిపిలోనే ఉండాలి.

కంటికి కనిపించని చిక్కు మరొకటి ఉంది. నా జాబితాలో "ఫోన్" అనే ట్యాగ్ రెండుసార్లు కనిపించేది. అక్షరం అక్షరం పోల్చి చూసినా తేడా లేదు. ఒకదాన్ని చెరిపితే రెండోది అలాగే ఉంది. చివరికి తెలిసిందేమిటంటే, పొల్లు అక్షరం పక్కన జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు ఒకటి ఉండొచ్చు. కొన్ని కీబోర్డులు దాన్ని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. మన కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి వేర్వేరు. దీనికి మందు మన భాషలోనే ఉంది. ట్యాగ్ అచ్చుతోనో సున్నాతోనో ముగిసేలా పెట్టండి. #ఫోన్ బదులు #ఫోను, #బ్యాంక్ బదులు #బ్యాంకు, #కోర్స్ బదులు #కోర్సు. పెద్దవాళ్లు పలికినట్టే అన్నమాట. దానితోపాటు, ట్యాగుని ప్రతిసారీ టైప్ చేయకుండా యాప్ చూపించే సూచనల్లోంచి ఎంచుకోండి.

రెండు అర్థాల మాటలనూ కనిపెట్టి ఉండాలి. #పన్ను అని పెట్టుకుంటే ఏడాది తిరిగేసరికి దాని కింద రూట్ కెనాల్ బిల్లూ, ఇన్‌కమ్ ట్యాక్స్ కాగితాలూ కలిసి కాపురం చేస్తున్నాయి. రెండూ నొప్పివే, నిజమే, కానీ కలిపి చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. ఇప్పుడు #దంతాలు, #ట్యాక్సు వేర్వేరు.

మిగతావి చిన్న సంగతులు. ఏకవచనమా బహువచనమా ముందే తేల్చుకోండి. ఆబ్సిడియన్‌లో ట్యాగ్ మధ్య ఖాళీ ఉండకూడదు, ఒట్టి అంకెలతో ట్యాగ్ కుదరదు. అందులోనే ఏటవాలు గీతతో (/) #ఉద్యోగం/మీటింగు అని పిల్ల ట్యాగులు పెట్టవచ్చు. పెద్ద ట్యాగుని వెతికితే పిల్లలు కూడా వస్తాయి. రెండు మెట్లు దాటి దిగొద్దు, దిగితే మళ్లీ ఫోల్డర్ల గొడవే.

ఇదంతా గుర్తుండదు కాబట్టి "ట్యాగుల పట్టిక" అని ఒక నోట్ పెట్టి పైన పిన్ చేయండి. ఒక్కో ట్యాగుకి ఒక వాక్యం. నాది ఇలా ఉంటుంది: "#రసీదు: డబ్బు కట్టినట్టు, వస్తువు కొన్నట్టు రుజువు. ధరల పోలికలు ఇందులోకి రావు." ఏది రాదో రాయడమే ఎక్కువ పనికొస్తుంది. పట్టికలో లేని ట్యాగ్ వాడాలనిపిస్తే ముందు పట్టికలో ఆ వాక్యం రాయాలి. ఆ మాత్రం శ్రమ అడ్డుపెడితే సగం కొత్త ట్యాగులు పుట్టకుండానే పోతాయి.

ఒక హెచ్చరిక: పాస్‌వర్డులు, కార్డు పిన్‌లు ఏ ట్యాగ్ కిందా పెట్టొద్దు. వాటికి పాస్‌వర్డ్ మేనేజర్ ఉంది.

6. వారానికి ఇరవై నిమిషాలు

వారానికోసారి పెండింగ్ పనులన్నీ ముందేసుకుని చూసుకోవాలన్న మాటకి 2001లో డేవిడ్ ఆలెన్ రాసిన "గెటింగ్ థింగ్స్ డన్" పుస్తకంతో బాగా ప్రచారం వచ్చింది. ఆయన చెప్పే రివ్యూ చాలా పెద్దది. గంటన్నర రివ్యూ రెండు వారాలు చేసి మానేసేకంటే, ఇరవై నిమిషాలది ఏడాదంతా చేయడం మేలు.

"వీలున్నప్పుడు చూద్దాం" అంటే అది జరగదు. వారంలో ఎలాగూ తప్పకుండా చేసే పని ఏదో ఒకటి ఉంటుంది. దాని తోకకి దీన్ని కట్టండి. నాకది శనివారం ఉదయం బట్టలు మెషిన్‌లో వేయడం. మెషిన్ తిరిగినంతసేపు ఫోన్ తీసి కూర్చుంటాను. ఇరవై నిమిషాలకు అలారం పెడతాను, మోగగానే ఎక్కడున్నా ఆపేస్తాను. ఆపడం కూడా అలవాటులో భాగమే. పని సాగుతూ పోతుందని తెలిస్తే వచ్చే వారం కూర్చోబుద్ధి కాదు.

ముందు ఇన్‌బాక్స్. ఈమధ్య ఒక వారం నా ఇన్‌బాక్స్‌లో పదిహేడు నోట్స్ ఉన్నాయి. ఆరు చెరిపేశాను. వచ్చేసిన పార్శిల్ నంబర్, అయిపోయిన మీటింగ్ రూమ్ వివరం, ఎందుకు రాశానో ఎంత ఆలోచించినా గుర్తురాని "నీలం రంగుది కాదు" అన్న వాక్యం, అలాంటివి. నాలుగు నిజానికి నోట్స్ కావు, పనులు. అందులో రెండు అక్కడే ఫోన్‌లో ముగిసిపోయాయి, రెండిటికి #చేయాలి తగిలించాను. రెండు ముక్కలు పాత నోట్స్‌లోకి వెళ్లి కలిశాయి. మిగిలిన ఐదిటికే శీర్షిక సరిచేసి ట్యాగులు పెట్టాల్సి వచ్చింది. దీనికంతటికీ పదకొండు నిమిషాలు పట్టింది. చెరిపేయడానికి చెయ్యి రాకపోతే "పాతవి" ఫోల్డర్‌లో పడేయండి, సెర్చ్‌కి అందుతాయి.

తర్వాత #చేయాలి తెరవండి. అయిపోయినవాటి నుంచి ట్యాగ్ తీసేయాలి. ఈ తీసేయడం మర్చిపోతే మూడు నెలల్లో ఆ ట్యాగ్ మీద నమ్మకం పోతుంది, ఆపైన దాన్ని తెరవడమే మానేస్తారు. వరుసగా నాలుగు వారాలుగా కదలని పని ఉంటే, దాన్ని చేయబోవడం లేదని ఒప్పేసుకుని ట్యాగ్ తీసేయండి. #ఎదురుచూపులో ఉన్నవాళ్లకు ఒక మెసేజ్ పంపండి.

టైం మిగిలితే ఏదో ఒక పాత ట్యాగ్ తెరిచి మూడు నోట్స్ చదవండి. ఈ రివ్యూలో నాకు నచ్చే భాగం ఇదే.

7. గుర్తుండాల్సినవాటికి వేరే దారి

అన్ని నోట్సూ గుర్తుండాల్సిన పనిలేదు. ఫిల్టర్ ఎటు తిప్పాలో అవసరానికి దొరికితే చాలు. కానీ చదువుకునే విషయాలు, భాష నేర్చుకునేటప్పటి మాటలు, ఉద్యోగంలో నోటికి రావాల్సినవి బుర్రలోకి ఎక్కాలి. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మరుపు మొదట్లో వేగంగా ఉండి తర్వాత నెమ్మదిస్తుంది. కాబట్టి మొదటిసారి త్వరగా చూడాలి, ఆపైన ఎడం పెంచుకుంటూ పోవచ్చు. 1970లలో సెబాస్టియన్ లైట్నర్ ఇదే లెక్కన కార్డుల పెట్టె పద్ధతి చెప్పాడు. జవాబు వచ్చిన కార్డు వెనక అరలోకి వెళ్తుంది (దాన్ని తక్కువసార్లు తీసి చూస్తాం), రానిది మళ్లీ మొదటి అరలోకి వస్తుంది.

దీన్ని ట్యాగులతో చేయొచ్చు. కొత్తదానికి #వారం, వచ్చే వారం గుర్తుంటే #నెల, నెల తర్వాత కూడా గుర్తుంటే #మూడునెలలు. ఎక్కడ తడబడినా తిరిగి #వారం. శీర్షికని ప్రశ్నలా రాయండి, నోట్ తెరవకముందే జవాబు పైకి చెప్పండి, తర్వాతే తెరవండి. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పరీక్షలో మాత్రం గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. చదువుతుంటే వచ్చే "ఇది నాకు తెలుసులే" అన్న ధీమా అంత నమ్మదగ్గది కాదన్నమాట. ఇలాంటివి వందలు ఉంటే ఆంకీ లాంటి కార్డుల యాప్ వాడండి, ఎప్పుడు చూపించాలో అదే లెక్క కడుతుంది.

8. వారాలు తప్పిపోతే

తప్పుతాయి. జ్వరం వస్తుంది, ఆఫీసులో టెన్షన్ ఉంటుంది. మూడు వారాల తర్వాత తెరిస్తే ఇన్‌బాక్స్‌లో అరవై ఉంటాయి. అన్నీ ఒకే రోజు తేల్చాలని కూర్చోవద్దు. ఆ వారం కొత్తవి మాత్రమే ఎప్పట్లాగే ఇరవై నిమిషాలు చూడండి. మిగతావాటిని మొత్తంగా పట్టి "పాతవి"లోకి తోసేయండి. అందులో నిజంగా కావాల్సింది ఉంటే మీరే వెతుక్కుంటూ వస్తారు, అప్పుడు సర్దుదురుగాని.

9. నెలకోసారి ట్యాగుల కలుపు తీయడం

పట్టిక తెరిచి, యాప్ చూపించే ట్యాగుల జాబితాని దాని పక్కన పెట్టుకోండి. ఒకే అర్థం ఉన్న రెండుంటే కలిపేయండి. మూడు నెలలైనా ఒకటో రెండో నోట్స్ మాత్రమే ఉన్న ట్యాగుని తీసేయండి, ఆ మాట శీర్షికలో ఉంటే చాలు.

దీనికి వ్యతిరేకమైనది, ఒక ట్యాగ్ కింద రెండు వందల నోట్స్ పేరుకుపోవడం. దాన్ని పది ముక్కలు చేయాలని చెయ్యి లాగుతుంది. నిక్లాస్ లూమన్ అనే జర్మన్ సమాజ శాస్త్రవేత్త దాదాపు 90,000 కార్డులు రాసి పెట్టుకున్నాడు. ఆయన పదసూచికలో ఒక మాట కింద దానికి చెందిన కార్డులన్నీ ఉండవు, కొద్ది నంబర్లు మాత్రమే ఉంటాయి. అవి తలుపులు. ఒకదాంట్లోంచి లోపలికి వెళ్తే అక్కడి కార్డులే మిగతావాటికి దారి చూపిస్తాయి. మీరూ అలాగే, బరువెక్కిన ట్యాగుకి ఒక సూచిక నోట్ రాసి, అందులో పది మంచి నోట్స్‌కి లింకులు ఇచ్చి, ఒక్కోదాని పక్కన అదేమిటో నాలుగు మాటలు పెట్టండి. ట్యాగ్ అలాగే ఉండనివ్వండి.

మూడు నెలలకోసారి, అదే రోజున, నోట్స్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి వేరే చోట ఒక కాపీ పెట్టండి. కాపీ తీసి ఊరుకోకుండా అందులో ఒక ఫైలు తెరిచి, తెలుగు అక్షరాలు సరిగ్గా ఉన్నాయా, ట్యాగులు కూడా వచ్చాయా అని చూడండి. యాప్ మారుస్తూ ఒకసారి నేను ఇది చూసుకోలేదు. నోట్స్ అన్నీ వచ్చాయి, ట్యాగులు ఒక్కటీ రాలేదు.